పాత కారు టాపు మీది క్యారియర్ తీసి చిల్లులు మూయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్ళిళ్ళకు, తీర్థయాత్రలకు సామాను కట్టుకుని తిరగడానికి ఎప్పుడో బిగించిన క్యారియర్ కొన్నేళ్ళకు అక్కరకు రాకుండా పోతుంది. సెకండ్ హ్యాండ్‌లో టాక్సీ బండి కొన్నవారికైతే అది మొదటి రోజు నుంచే అనవసరమైన బరువు. విప్పడం తేలికే, విప్పాక మిగిలే చిల్లులను సరిగ్గా మూయడంలోనే అసలు పని ఉంది. ఇక్కడి జవాబులు ఇనుప రేకు టాపు ఉన్న పాత కార్లకు, జీపులకు, వ్యాన్లకు వర్తిస్తాయి. చిల్లు అంచున బయటపడ్డ ఇనుమును ముందు కాపాడాలి, మూత సంగతి ఆ తర్వాత చూడాలి అన్నదే వీటన్నిటికీ ఆధారం. అంచును పట్టించుకోకుండా పైన ఎంత ఖరీదైన పదార్థం పూసినా తుప్పు దాని కింద నుంచి పాకుతూనే ఉంటుంది.

అన్ని క్యారియర్లకూ టాపులో చిల్లులు ఉంటాయా?

ఉండవు. అంబాసిడర్, మారుతి ఓమ్ని వంటి పాత బండ్లలో వాననీరు జారిపోయే గాడి టాపు రెండు పక్కలా బయటికే కనిపిస్తుంది. ఆ బండ్లకు బిగించే క్యారియర్ కాళ్ళు సాధారణంగా గాడి అంచును క్లాంపుతో పట్టుకుని ఉంటాయి కాబట్టి టాపును తొలవాల్సిన అవసరం రాదు. విప్పాక క్లాంపు ఒరుసుకున్న చోట రంగు పోయి ఉంటుంది. అక్కడి తుప్పు గీకి ప్రైమర్, రంగు వేస్తే సరిపోతుంది. తలుపు చట్రం అంచును పట్టుకునే అడ్డకడ్డీల సంగతీ ఇంతే.

బయటికి గాడి లేని బండ్లలో రెండు రకాలు కనిపిస్తాయి. కంపెనీయే రూఫ్ రైల్స్ (టాపు రెండు పక్కలా పొడవునా ఉండే కడ్డీలు) బిగించి పంపిన బండ్లలో రేకుకు ముందే అమర్చిన నట్లు ఉంటాయి, బోల్టు వాటిలోకి దిగుతుంది. యాక్సెసరీల దుకాణంలో బిగించుకున్న వాటిలో డ్రిల్లుతో రేకును తొలిచి, తనంతట తాను మర కోసుకునే స్క్రూనో, లోపల నట్టు వేసిన బోల్టునో దించి ఉంటారు. కాళ్ళ మీది ప్లాస్టిక్ మూతను చదునైన ప్లాస్టిక్ ముక్కతో నెమ్మదిగా లేపి చూస్తే మీది ఏ రకమో తెలుస్తుంది. ఈ తేడా తెలియకుండా పని మొదలుపెట్టకండి, ఎందుకంటే తర్వాతి నిర్ణయాలన్నీ దీని మీదే ఆధారపడతాయి.

చిల్లులు ఉన్నాయంటే క్యారియర్‌ను అలాగే వదిలేయడం మేలు కాదా?

అది బిగువుగా ఉండి, కాళ్ళ కింది రబ్బరు పగలకుండా, లోపల తడి జాడ లేకుండా ఉంటే తొందరపడనక్కరలేదు. అయితే ఏళ్ళ తరబడి ఎండలో ఉన్న రబ్బరు గట్టిపడి నెరియలు వారుతుంది; ఆ నెరియల్లో చేరిన దుమ్ము వాన వెలిసిన తర్వాత కూడా తడిని పట్టి ఉంచుతుంది. పైకి నిక్షేపంగా కనిపించే కాలి కింద రేకు పొరలు పొరలుగా లేచిపోయి ఉండవచ్చు. లోపలి దీపం చుట్టూ పసుపు మరక, సీటు బెల్టు పైకొస దగ్గర చెమ్మ, ఉదయాన్నే అద్దాలకు లోపలి వైపు పట్టే ఆవిరి, బండిలో ముక్కిపోయిన వాసన, వీటిలో ఏది కనిపించినా క్యారియర్ తీసి చూడవలసిందే. తీశాక గాలి హోరు తగ్గుతుంది, మైలేజీ కూడా కాస్త మెరుగుపడుతుంది.

ఈ పని ఏ కాలంలో పెట్టుకోవాలి?

జూన్ మొదటి వారం దాటాక మృగశిర కార్తె వస్తుంది, దాని వెంట తొలకరి వస్తుంది. ఈలోగానే పని ముగించాలి. అలాగని రోహిణి ఎండల్లో మిట్టమధ్యాహ్నం చేయడం కూడా తగదు. అప్పుడు టాపు చేయి పెట్టలేనంతగా కాలుతుంది, థిన్నర్ తుడిచేలోపే ఆవిరైపోతుంది, స్ప్రే చేసిన ప్రైమర్ రేకుకు అంటకుండా పొడిపొడిగా పడుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో, ఉదయం పూట, నీడలో చేసుకోవడం అన్ని విధాలా అనువు.

నీరు దిగకుండా సందుల్లో పూసే, ఆరాక రబ్బరులా మారే పాలీయురేథేన్ సీలెంట్ వాడేవారు గమనించవలసిన విషయం మరొకటి ఉంది. అది గాలిలోని తేమను తీసుకుని గట్టిపడుతుంది, అదీ సాధారణంగా రోజుకు 2 నుంచి 3 మిల్లీమీటర్ల లోతు వరకే. అందుకే విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో త్వరగా ఆరేది, రాయలసీమ, తెలంగాణ జిల్లాల పొడి ఎండల్లో ఎక్కువ సమయం తీసుకుంటుంది. తీరంలో ఉండేవారికి ఇంకో జాగ్రత్త అవసరం: గీకి శుభ్రం చేసిన ఇనుమును ఉప్పుగాలికి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి సన్నటి ఎర్రపొర పడుతుంది కాబట్టి గీకిన రోజే ప్రైమర్ వేయాలి.

లోపలి లైనింగ్ దించకుండా పని అవుతుందా?

లైనింగ్ అంటే టాపు రేకును లోపలి వైపు కప్పి ఉంచే గుడ్డ అతికిన అట్ట. కంపెనీ నట్లు బాగా ఉండి, బోల్టులు సాఫీగా తిరిగి వచ్చేస్తే దాన్ని దించకుండానే పని అవుతుంది. లోపల విడి నట్టు వేసిన బోల్టులైతే దించక తప్పదు, లేకుంటే నట్టు, వాషరు టాపుకీ లైనింగ్‌కీ మధ్య పడి, గతుకుల రోడ్డు మీద గలగలమంటూనే ఉంటాయి. వెల్డింగ్ చేయించే ఉద్దేశం ఉంటే లైనింగ్‌ను పూర్తిగా బయటికి తీయాలి.

దించేటప్పుడు సన్‌వైజర్లు, చేతి హ్యాండిళ్ళు, లోపలి దీపం, టాపును మోసే పక్క స్తంభాల ప్లాస్టిక్ తొడుగులు, తలుపు బీడింగు వరుసగా తీయాలి. అచ్చు వేసిన అట్టలాంటి లైనింగ్ ఒకసారి మడత పడితే ఆ గీత మళ్ళీ పోదు కనుక ఇద్దరు మనుషులు ఉండాలి. పాత బండ్లలో గుడ్డకూ అట్టకూ మధ్య ఉన్న స్పాంజి పొడి అయిపోయి, ముట్టుకోగానే గోధుమరంగు నుసిగా రాలుతుంది. అలాంటి స్థితిలో ఉంటే కొత్త గుడ్డ వేయించడానికి కూడా సిద్ధపడే మొదలుపెట్టడం మంచిది. దీపం తీగలు, యాంటెన్నా కేబులు, కొన్ని బండ్లలో వెనక అద్దానికి నీళ్ళు తీసుకెళ్ళే సన్నటి గొట్టం ఈ దారినే వెళతాయని గుర్తుంచుకోండి.

పక్క స్తంభాల తొడుగుల మీద ఎయిర్‌బ్యాగ్ అన్న మాట గానీ, ఎస్‌ఆర్‌ఎస్ అన్న అక్షరాలు గానీ ఉంటే, తలుపుల పైభాగంలో పరదాలా విచ్చుకునే ఎయిర్‌బ్యాగ్ ఉందని అర్థం. అటువంటి బండిలో లైనింగ్ జోలికి సొంతంగా వెళ్ళవద్దు, ఆ వ్యవస్థ తెలిసిన వర్క్‌షాపుకే అప్పగించండి.

బోల్టు తుప్పు పట్టి కదలడం లేదు. ఏం చేయాలి?

ముందు తల చుట్టూ ఉన్న మట్టిని పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేసి, తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా నాననివ్వండి. మర్నాడు వదులు చేసే దిశలో బలవంతంగా తిప్పేముందు, బిగించే దిశలో అతి కొద్దిగా కదిపి చూడండి. తుప్పు పట్టు చాలాసార్లు అక్కడే తెగుతుంది. ఆ తర్వాత పావు చుట్టు విప్పి, కొంచెం వెనక్కి బిగించి, మళ్ళీ విప్పుతూ పోవాలి. పానాగానీ బిట్టుగానీ తలకు సరిగ్గా సరిపోవాలి. నక్షత్రం ఆకారపు గుంట ఉన్న బోల్టులో ఆరు పలకల అలెన్ కీ దూర్చి తిప్పితే గుంట అరిగిపోయి, మిగతా పనంతా డ్రిల్లు మీద పడుతుంది. గుంటలో పేరుకున్న మట్టిని ముందుగా సూదితో తీసేస్తే బిట్టు అడుగుదాకా దిగుతుంది. మంటతో వేడి చేయడం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే రేకు కిందనే అంటుకునే గుడ్డ, స్పాంజి ఉన్నాయి.

బోల్టుతో పాటు లోపలి నట్టు కూడా తిరిగిపోతోంది. దీన్ని ఎలా తీయాలి?

ఈ పనిలో ఎక్కువమందిని సతాయించేది ఇదే. రేకుకు నొక్కి అమర్చిన రివెట్ నట్టు, తన చుట్టూ రేకు తుప్పు తినేసినప్పుడు పట్టు కోల్పోతుంది. బోల్టు తిరుగుతూనే ఉంటుంది, పైకి మాత్రం రాదు. అప్పుడు బోల్టు తల కిందికి సన్నటి చదును పట్టీ దూర్చి, రంగు పాడుకాకుండా దాని కింద చెక్కముక్క పెట్టి, తలను పైకి ఎత్తిపట్టి తిప్పాలి. పైకి లాగినప్పుడు నట్టు అంచు రేకుకు అడుగునుంచి ఒత్తుకుని, చాలాసార్లు మర విడిపోయేంత పట్టు దొరుకుతుంది. లైనింగ్ దించి ఉంటే మరొకరు లోపలి నుంచి నట్టును పట్టుకారుతో పట్టుకోవడం ఇంకా సులువు.

అలా కూడా రాకపోతే బోల్టు తలను డ్రిల్లుతో తినేయాలి. చిన్న బిట్టుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతే తల ఊడివస్తుంది. మిగిలిన మొండెం లోపల పడకుండా కింద చేయి పెట్టి అందుకోవాలి. డ్రిల్లు చేసేముందు చుట్టూ తడి గుడ్డలు పరిచి, పని కాగానే ఇనుప రజనును వ్యాక్యూమ్‌తో గానీ అయస్కాంతంతో గానీ ఎత్తేయాలి. రజనును చేత్తోనో గుడ్డతోనో తుడిస్తే రంగు మీద గీతలు పడతాయి, మిగిలిన నుసి ఒక్క మంచు రాత్రిలో తుప్పు పట్టి టాపంతా చుక్కలు చేస్తుంది.

బోల్టు వచ్చేసింది. మూసేముందు చిల్లును ఎలా సిద్ధం చేయాలి?

అద్దం, టార్చి తీసుకుని అంచును పైనుంచీ కిందనుంచీ చూడండి. టాపు రేకు మందం చాలా కార్లలో మిల్లీమీటరు కన్నా తక్కువే ఉంటుంది, అందువల్ల తుప్పు తినడానికి మిగిలేదీ తక్కువే. రంగు కింద బుడగలా లేచిన చోటును స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా నొక్కండి. గట్టిగా ఉంటే పైపైన పట్టిన తుప్పు. మొన దిగబడితే ఆ రేకు పోయినట్టే, గట్టి ఇనుము దొరికేదాకా కోసేయాలి.

పైపైన పట్టిన తుప్పును 80 నంబరు ఎమెరీ కాగితంతో, చిల్లు లోపలి అంచును గుండ్రటి ఆకురాయితో, మెరిసే ఇనుము కనిపించేదాకా రుద్దాలి. గుంటల్లో మిగిలిన నల్లటి మచ్చలకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్ రాసి, డబ్బా మీద చెప్పినంతసేపు ఉంచి, అది చెప్పినట్టే శుభ్రం చేయాలి. పూర్తిగా ఆరాక థిన్నర్‌తో తుడిచి ఎపాక్సీ ప్రైమర్ రెండు పూతలు వేయాలి. సన్నటి కుంచెను చిల్లులోకి దించి, రేకు అడుగువైపు అంచుకు కూడా పట్టించడం మరవకండి. నిలబడి చూస్తే కనిపించని ఆ అడుగు అంచే ముందుగా చెడేది, ఎందుకంటే చలికాలపు రాత్రుల్లో బండి లోపలి ఆవిరి చల్లటి రేకు అడుగున నీటిబొట్లుగా పట్టేది అక్కడే.

మూయడానికి ఏ పద్ధతి మంచిది?

చిల్లు ఎక్కడ ఉంది, దాని మర బాగుందా, చుట్టూ రేకు ఎంత గట్టిగా ఉంది అన్న మూడింటిని బట్టి ఇది తేలుతుంది.

కంపెనీ నట్టు గట్టిగా ఉండి మర చెడకుండా ఉంటే దాన్ని కదపకండి. అదే కొలతలో, సాధారణంగా 6 లేదా 8 మిల్లీమీటర్ల, పొట్టి స్టెయిన్‌లెస్ బోల్టును, కింద రబ్బరు అతికిన వాషరుతో, మర మీద కాస్త సీలెంట్ పూసి బిగిస్తే నీరు దిగదు. అవసరమైతే రేపు విప్పుకోవచ్చు కూడా. వీలైన చోటల్లా ఈ పద్ధతినే ఎంచుకోమని నా సలహా. బోల్టు పొడవును మాత్రం ముందుగా కొలుచుకోవాలి. ఎక్కువైతే లోపలి తీగలకో లైనింగ్‌కో గుచ్చుకుంటుంది.

నట్టు లేని గుండ్రటి చిల్లుకు రబ్బరు బిరడా వాడవచ్చు. కొనేముందు చిల్లు వ్యాసాన్ని వెర్నియర్‌తో కొలిచి, రేకు మందానికి సరిపడే గాడి ఉన్న బిరడానే తీసుకోండి. గాడి వెడల్పుగా ఉంటే బిరడా వదులుగా కదులుతూ, అంచున వేసిన ప్రైమర్‌ను అరగదీస్తుంది. దాని పెదవి కింద పలుచగా సీలెంట్ పూసి నొక్కాలి. నీరు నిలవని టాపు నడిమి భాగానికి ఇది చాలు. రూఫ్ రైల్స్ చిల్లులు తరచుగా పక్కల ఉండే పల్లపు గాడిలో ఉంటాయి. టాపు మీద పడ్డ నీరంతా ఆ గాడిలోనే పారుతుంది కాబట్టి అక్కడ ఒక్క బిరడాను నమ్ముకోవడం మంచిది కాదు.

అటువంటి చోట్లకు, పూడ్చి రంగు వేయాలనుకునే చోట్లకు, రేకుముక్క అతికించడం చక్కటి మార్గం. చిల్లు చుట్టూ 15 నుంచి 20 మిల్లీమీటర్లు మించి వచ్చేలా ఇనుప రేకుముక్క కోసి, రెండు భాగాలు కలిపే లోహపు జిగురుతో లోపలి వైపు నుంచి అతికి, ఆరేవరకు బలంగా ఒత్తి ఉంచాలి. పైన మిగిలే పల్లం ఒక రేకు మందమే కనుక కొద్దిపాటి లప్పంతో సమమవుతుంది. టాపుకు వేడి తగలదు, రేకు వంకరపోదు.

పాప్ రివెట్లతో మూసేవారు కూడా ఉన్నారు. మామూలు రివెట్ మధ్యలో సన్నటి రంధ్రం ఉండిపోతుంది, అందులోంచి నీరు దిగుతుంది. తప్పదంటే కొస మూసి ఉండే రకమే వాడాలి.

సిలికాన్ గానీ, ఎం-సీల్ గానీ పెడితే సరిపోదా?

నాలుగు రోజుల వానకు అడ్డం పెట్టుకోవడానికి సరిపోతుంది, అంతకుమించి కాదు. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఆరుతున్నప్పుడు అసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, ఆ ఆమ్లం రంగు లేని ఇనుమును తుప్పు పట్టిస్తుంది. పైగా ఏ సిలికాన్ మీదా రంగు నిలవదు. దాన్ని గీకేశాక మిగిలే జిడ్డు మీద కొత్త ప్రైమర్ కూడా చేపకళ్ళలా గుంటలు పడుతుంది. ఎం-సీల్ వంటి ఎపాక్సీ ముద్ద రాయిలా గట్టిపడుతుంది. టాపు రేకు మాత్రం మధ్యాహ్నపు ఎండకు సాగి రాత్రికి ముడుచుకుంటుంది, గతుకుల్లో అదురుతుంది. వెనక ఆధారం లేని చిల్లులో నొక్కిన ముద్దకూ రేకుకూ మధ్య క్రమంగా వెంట్రుకవాసి సందు తెరుచుకుంటుంది. ఆ సందులో దిగిన నీటికి మళ్ళీ బయటికి వచ్చే దారి ఉండదు.

వెల్డింగ్ చేయిస్తే శాశ్వతంగా పోతుంది కదా?

చేయి తిరిగిన మనిషి దొరికితే నిజమే. రేకు తుప్పుకు చాలామేర పోయి, పెద్ద ముక్క వేయవలసిన చోట వెల్డింగే సరైనది. అయితే టాపు పలుచగా, వెడల్పుగా, ఆధారం తక్కువగా ఉండే రేకు. ఒకేచోట వేడి పెరిగితే సాగి, ఆరాక ముడుచుకుని, చేత్తో నొక్కితే టపటపమనే చోటు మిగిలిపోతుంది. దాన్ని సరిచేయడం చిల్లు పూడ్చడం కన్నా కష్టం. అందుకే గ్యాస్ వెల్డింగ్ వద్దని, సీఓ2 వెల్డింగ్‌తో చిన్న చిన్న చుక్కలుగా, చుక్క చుక్కకూ చల్లారనిస్తూ చేయమని ముందే చెప్పండి. లైనింగ్, దగ్గరి ప్లాస్టిక్కులు తీసి, అద్దాలను, సీట్లను మంటకు ఆగే దుప్పటితో కప్పి, బ్యాటరీ తీగలు విప్పి, అగ్నిమాపక సిలిండరు అందుబాటులో ఉంచాకే మొదలుపెట్టాలి. వెల్డింగ్ అయిన చోట అడుగువైపు రంగు కాలిపోతుంది. అక్కడ మళ్ళీ ప్రైమర్ వేయకుండా లైనింగ్ బిగించేస్తే పడ్డ శ్రమంతా తుప్పు పాలవుతుంది.

లప్పం ఎంత మందం పెట్టవచ్చు?

3 మిల్లీమీటర్లు దాటకూడదు, ఎంత పలుచగా ఉంటే అంత మంచిది. తెరిచి ఉన్న చిల్లు మీద నేరుగా లప్పం పెట్టకండి. అది తేమను పీల్చుకుంటుంది, అడుగునుంచి తడి తగిలిన లప్పం బుడగలా లేస్తుంది.

చిల్లు పూడింది, కానీ కాళ్ళు ఉన్నచోట రంగు వేరుగా కనిపిస్తోంది. ఎందుకు?

కాళ్ళ కింద దాగి ఉన్న రంగుకు ఎండ తగలలేదు, చుట్టూ ఉన్నది ఏళ్ళ తరబడి వెలిసిపోయింది. చుట్టూ ఉన్న భాగానికి రబ్బింగ్ కాంపౌండ్ (వెలిసిన పైపొరను రుద్ది తీసే ముద్ద) పట్టించి పాలిష్ చేస్తే తేడా కొంత తగ్గుతుంది. రంగు కలిపించేటప్పుడు బండి మీది పట్టీలో ఉండే రంగు కోడ్‌ను మాత్రమే నమ్ముకోకుండా, పెట్రోలు మూతను తీసుకెళ్ళి ఇప్పటి వెలిసిన రంగుకు సరిపోయేలా కలపమనండి. పైనున్న పారదర్శకమైన పూత పొరలుగా లేచిపోతున్న టాపుకు ముక్కలుగా రంగు వేసి ప్రయోజనం లేదు, టాపు మొత్తానికి వేయించడమే మేలు.

నీరు దిగడం లేదని ఎలా నిర్ధారించుకోవాలి?

లైనింగ్ తిరిగి బిగించకముందే పరీక్షించాలి. సీలెంట్ పూర్తిగా ఆరాక, ఒకరు టార్చితో లోపల కూర్చోగా మరొకరు మామూలు పైపుతో, ఒత్తిడి లేకుండా, ఒక్కో చిల్లు మీద కొన్ని నిమిషాలపాటు నీరు పారించాలి. ప్రెషర్ వాషర్ వాడితే బాగా ఉన్న బీడింగుల్లోంచి కూడా నీరు దూరి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. అన్ని చిల్లుల మీదా ఒకేసారి పోయకండి. టాపు కింద అడ్డంగా ఉండే ఇనుప పట్టీల వెంబడి నీరు పాకి, వెనక చిల్లులో దిగింది ముందు అద్దం స్తంభం దగ్గర కారవచ్చు. పరీక్షలో తడి కనిపిస్తే చిల్లుతో పాటు దాని పక్కనున్న రేకుల అతుకును కూడా చూడండి, పాత బండ్లలో ఆ అతుకులోని సీలెంట్ ఎండి పగిలి ఉంటుంది.

క్యారియర్ తీసేస్తే ఆర్టీఏ వద్ద ఇబ్బంది వస్తుందా?

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నియంత్రిస్తుంది. బయట బిగించుకున్న క్యారియర్‌ను తీయడం బండిని దాని అసలు రూపానికే తెస్తుంది. సొంత కార్ల రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకు ముగిసి, ఆపైన అయిదేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి. ఆ తనిఖీకి వెళ్ళే బండిలో తుప్పు తిన్న టాపు కన్నా, శుభ్రంగా మూసిన టాపు ఉండటం మంచిది.

పనిని టింకరింగ్ మేస్త్రికి అప్పగిస్తే ఏమేమి అడగాలి?

అంచు గీకాక ఒకసారి, ప్రైమర్ వేశాక ఒకసారి, లైనింగ్ బిగించే ముందు ఒకసారి బండిని చూపమని, కుదరకపోతే ఫోనులో ఫోటో తీసి పంపమని ముందే మాట తీసుకోండి. పైన రంగు వేసేశాక కింద ఏం జరిగిందో ఎవరూ చెప్పలేరు. మామూలు ప్రైమర్ నీటిని పూర్తిగా ఆపలేదు కాబట్టి ప్రైమర్ దశలో ఉన్న బండిని వానలో నిలపవద్దని కూడా చెప్పండి. కంపెనీ రూఫ్ రైల్స్ అయితే వాటిని, బోల్టులను, ప్లాస్టిక్ మూతలను ఒక సంచిలో వేసి తిరిగి ఇవ్వమనండి. పాత మోడళ్ళకు అవి విడిగా దొరకడం కష్టం, బండి అమ్మేటప్పుడు కొనేవారు అడిగే అవకాశం ఉంది.